‘ఇరిటబుల్’ అనే విశేషణం – మన ప్రసంగాలు
(1 కొరింథీ 13:5 ఆధారంగా ఒక విమర్శనాత్మక పరిశీలన)

ఉపోద్ఘాతం

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం మన సంఘాల్లో, ముఖ్యంగా పెండ్లి ఆరాధనల్లో, తరచుగా చదవబడే వాక్యభాగం. అందులో అయిదవ వచనంలోని ఒకే ఒక క్రియాపదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ క్రియాపదానికి ఇప్పుడు అనేక ఇంగ్లీషు బైబిళ్ళు వాడుతున్న విశేషణం ‘ఇరిటబుల్’. మనలో చాలామందిమి ఇంగ్లీషు వ్యాఖ్యానాల సహాయంతో ప్రసంగాలు తయారుచేసుకుంటాం గనుక ఈ విశేషణం మనకు తెలియకుండానే మన తెలుగు ప్రసంగాల్లోకి వచ్చి కూర్చున్నది. అది మనకు చేసిన మేలెంత, కీడెంత అనేది ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో పుట్టలేదు. కొన్ని సంవత్సరాల క్రితం మంచిర్యాల ప్రాంతంలో, బొగ్గుగని కార్మికులు నివసించే ఒక కాలనీలో, ఈ అధ్యాయం మీద వరుసగా ప్రసంగించాను. అయిదవ వచనం దగ్గరకు వచ్చినప్పుడు, ప్రేమగలవాడు చిరాకుపడడనీ, చిరాకుపడేవానిలో ప్రేమ లేదనీ గట్టిగానే చెప్పాను. ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి వచ్చి, “అయ్యగారూ, మా ఆయన రాత్రి డ్యూటీ దిగొచ్చినంక మనిషి మనిషి కాడు. పిల్లలు సప్పుడు చేసినా కసురుతడు, అన్నం తినమన్నా కసురుతడు. అంటే ఆయనకు మా మీద ప్రేమ లేనట్టేనా?” అని అడిగింది. “ప్రార్థన చేద్దామమ్మా” అన్నాను. ప్రార్థన మంచిదే, కాని ఆమె అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని నాకు తెలుసు. ఆ జవాబును వెదకుతూ చేసిన అధ్యయనమే ఇది.

1. ఇంగ్లీషు మాట, దాని రెండు ముఖాలు

‘ఇరిటబుల్’ లాటిన్ క్రియ ‘ఇరిటారే’ నుండి వచ్చింది. రేపుట, రెచ్చగొట్టుట అని దాని అర్థం. ఇంగ్లీషులో ఈ విశేషణం 17వ శతాబ్ది ద్వితీయార్ధం నుండి కనబడుతుంది. కనుక 1611లో కింగ్ జేమ్స్ అనువాదకులకు ఇది అందుబాటులో ఉన్న మాట కాదు. వారు ‘ప్రవోక్’ అనే క్రియను వాడి, దానికి ముందు ‘సులువుగా’ అనే అర్థమిచ్చే క్రియావిశేషణాన్ని చేర్చారు. 1881లో వెలువడిన రివైజ్డ్ వర్షన్ కొత్త నిబంధన ఆ క్రియావిశేషణాన్ని తీసివేసింది. 1946లో రివైజ్డ్ స్టాండర్డ్ వర్షన్ కొత్త నిబంధన క్రియనే వదలి ‘ఇరిటబుల్’ అనే విశేషణాన్ని తెచ్చింది. 1989 నాటి ఎన్.ఆర్.ఎస్.వి., 2001 నాటి ఇ.ఎస్.వి. దానినే నిలుపుకున్నాయి. ఎన్.ఐ.వి. మాత్రం ‘త్వరగా కోపానికి లోనగుట’ అనే భావాన్నిచ్చే మాటలు ఎంచుకున్నది.

ఈ విశేషణానికి రెండు ముఖాలున్నాయి. ఒకటి గుణానికి సంబంధించినది: చిన్న విషయానికే చికాకుపడే మనిషి. రెండవది శరీరానికి సంబంధించినది. 1752లో ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు గాటింగెన్‌లో తన పరిశోధనలను సమర్పిస్తూ, తాకితే ముడుచుకొనే కండరాల లక్షణానికి ఇదే పేరు వాడాడు. అక్కడ ఇది నింద కాదు. జీవమున్న కండరానికి ఉండే లక్షణం. నేటి వైద్యులు కూడా ఈ మాటను ఈ రెండవ అర్థానికి దగ్గరగానే వాడతారు. ఆందోళన రుగ్మతను గుర్తించడానికి 2006లో ప్రచురించబడిన ‘గ్యాడ్-7’ అనే ఏడు ప్రశ్నల పట్టికలో, గత రెండు వారాల్లో సులువుగా చిరాకు కలిగిందా అన్నది ఒక ప్రశ్న. నిద్రలేమి, రక్తంలో చక్కెర పడిపోవడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, మానసిక కృంగుదల – వీటన్నిటిలోనూ ఈ లక్షణం కనబడుతుంది.

కాబట్టి డాక్టరు చీటీలో ఈ మాట ఒక లక్షణం. బైబిలులో అదే మాట ఒక దోషం. ఒకే మాట రెండు పనులు చేస్తున్నప్పుడు ప్రసంగి జాగ్రత్తపడాలి. నేను జాగ్రత్తపడలేదు. లక్షణాన్ని చూచి దోషమని తీర్పు చెప్పాను.

ఇంగ్లీషు వ్యాఖ్యానాలు చదివే విద్యార్థులు దీని చుట్టాలను కూడా గుర్తుపట్టాలి. ‘ఇరాసిబుల్’ అంటే స్వభావసిద్ధంగా ఆగ్రహం గలవాడు. ‘టచీ’ అంటే అత్తిపత్తి మొక్కవంటివాడు; ఎవరు ఏమన్నా తననే అన్నారనుకొని ముడుచుకుపోతాడు. ‘పీవిష్’ అంటే చిన్నపిల్లవానివలె ఊరకే సణిగేవాడు. ‘టెస్టీ’ అనే మాట తల అనే అర్థంగల పాత ఫ్రెంచి మాట నుండి వచ్చింది. మొదట తలబిరుసు అని అర్థం, ఇప్పుడు ఓపికలేక కస్సుమనేవాడని. వీటన్నిటినీ ‘కోపిష్ఠి’ అని ఒకే మాటతో తెలుగు చేస్తే వ్యాఖ్యాత చెప్పినది సగమే మనకు అందుతుంది.

2. మూలభాషలో ఉన్నది విశేషణం కాదు

గ్రీకులో పౌలు వాడినది ‘పరొక్సునో’ అనే క్రియ. ‘ఒక్సుస్’ అంటే పదునైనది. పదును పెట్టుట, పొడిచి రేపుట అనేది ఈ క్రియలోని చిత్రం. ఇక్కడ అది కర్మణి రూపంలో ఉన్నది. అంటే బయటనుండి ఏదో పొడుస్తున్నది. ప్రేమ ఆ పోటుకు రేగిపోదు. ‘ఇరిటబుల్’ అనగానే మనకు కనబడేది ఒక మనిషి స్వభావం మాత్రమే. ‘పరొక్సునో’ అనగానే రెండు పక్షాలు కనబడతాయి: పొడిచేది ఒకటి, పొడవబడేది ఒకటి. విశేషణం వచ్చి మొదటి పక్షాన్ని దాచివేసింది. ఇది ఈ అనువాదంపై నా మొదటి విమర్శ.

కొత్త నిబంధనలో ఈ క్రియ రెండు చోట్ల మాత్రమే వస్తుంది. రెండవ చోటు అపొస్తలుల కార్యములు 17:16. ఏథెన్సు నిండా విగ్రహాలను చూచి పౌలు ఆత్మ రేగిన సందర్భమది. మన తెలుగు బైబిలు అక్కడ ‘పరితాపము’ అన్నది. దీని నామవాచకం ‘పరొక్సుస్మోస్’ కూడా రెండు సార్లే వస్తుంది. పౌలు బర్నబాలు మార్కు విషయంలో విడిపోయినప్పుడు (అపొ. 15:39) అది ‘తీవ్రమైన వాదము’. హెబ్రీయులకు 10:24లో విశ్వాసులు ఒకరినొకరు ప్రేమకు, సత్కార్యాలకు ‘పురికొల్పుట’ కూడా అదే మాట. ఒకే పదును ఒక చోట సేవకులను విడదీసింది, మరొక చోట సంఘాన్ని లేపింది. రేగడమనేది దానంతట అది పాపం కాదని దీనిని బట్టి గ్రహించాలి.

మరి భేదమెక్కడ? 13:5లోనే జవాబున్నది. ఈ క్రియకు ముందున్న మాట ప్రేమ తన ప్రయోజనాన్ని చూచుకోదని, తరువాతి మాట కీడును లెక్కలో ఉంచుకోదని చెబుతాయి. స్వార్థం ముందు, రేగడం నడుమ, పద్దు రాసుకోవడం చివర. ఏథెన్సులో పౌలు తన ప్రయోజనం కోసం రేగలేదు. రేగినవాడు కక్ష పట్టక సమాజమందిరంలోను సంతవీధిలోను తర్కించాడు. ఇంట్లో మన చిరాకు చాలాసార్లు మన నిద్ర, మన కూర, మన గౌరవం దగ్గర మొదలై పాత పద్దులు విప్పడంతో ముగుస్తుంది. పౌలు చూపిన ఈ వరుసను విశేషణంతో చెప్పడం కష్టం. విశేషణం మనిషికి పేరు పెడుతుంది. క్రియ అతడు నడిచే దారిని చూపుతుంది.

3. ‘త్వరగా’ అనే చేర్పు

మన తెలుగు బైబిలు ఇక్కడ క్రియనే వాడింది. ఇది మెచ్చుకోదగినది. అయితే దాని ముందు ‘త్వరగా’ అనే మాట ఉన్నది. గ్రీకులో దానికి సమానమైన మాట లేదు; కింగ్ జేమ్స్ అనువాదంలోని చేర్పుకు ఇది తోడుగా నిలుస్తున్నది. పదును, పోటు అనే చిత్రంలోనే ఆకస్మికత ఉన్నది గనుక దానిని తెలుపడానికి అనువాదకులు ఈ మాట చేర్చి ఉంటారని సమర్థించవచ్చు. ఆ సమర్థనలో న్యాయమున్నది.

కాని రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, నాలుగవ వచనంలోనే ప్రేమ దీర్ఘకాలం సహిస్తుందని చెప్పబడింది. అయిదవ వచనం త్వరపడని కోపాన్ని గురించి అయితే అదే మాట మరల చెప్పినట్లవుతుంది. రెండు, ఈ ‘త్వరగా’ మనకు ఒక సందు ఇస్తున్నది. నేను ఉదయమంతా ఓర్చుకున్నాను, సాయంత్రం కదా కసిరాను, కనుక త్వరగా కోపపడలేదు అని తప్పుకోవచ్చు. ఒకవైపు ‘ఇరిటబుల్’ అలసిన మనిషిని నేరస్థుణ్ణి చేస్తుంటే, మరొకవైపు ‘త్వరగా’ నేరస్థుణ్ణి తప్పిస్తున్నది.

4. తెలుగులో ఈ భావానికున్న మాటలు

ఇంగ్లీషు విశేషణం వెంట పోకముందు మన భాషలో ఏముందో చూచుకోవడం మంచిది. విసుగు అనేది కాలంతో వస్తుంది. ఒకే పని, ఒకే మాట మరల మరల ఎదురైతే కలుగుతుంది. చిరాకు ఎండకు, చప్పుడుకు, ఉక్కపోతకు కూడా కలుగుతుంది. చిర్రెత్తడం ఒక్క క్షణంలో జరుగుతుంది. రుసరుసలు ముఖంలోను నడకలోను కనబడతాయి. కసురుకోవడం నోటితో చేసే పని. అలుక తనవారి మీదనే చూపేది. రోషం పరువుకు సంబంధించినది. మన తెలంగాణలో ‘గరం అయిండు’, ‘గుస్స చేసిండు’ అనే మాటలు ఉర్దూ నుండి వచ్చి మనవైపోయాయి.

వీటి వ్యాకరణం గమనించండి. ‘నాకు చిరాకు వస్తున్నది’ అంటాం. ఇక్కడ చిరాకు కర్త. అది వచ్చేది, నేను దాన్ని పొందేవాణ్ణి. అదే ‘నేను కసురుకున్నాను’ అన్నప్పుడు కర్తను నేనే. వచ్చినదానికి, చేసినదానికి మధ్య మన భాషే ఒక గీత గీసింది. కయీనుతో దేవుడు మాట్లాడినది సరిగ్గా ఆ గీత దగ్గరనే (ఆది 4:6-7). అతని ముఖం అప్పటికే చిన్నబోయింది. పాపం ఇంకా వాకిట ఉన్నది, లోపలికి రాలేదు. దానిని ఏలవలసినవాడు అతడే. వాకిటికి వచ్చినదాన్ని లోపలికి రానివ్వకపోవడం ప్రేమ పని అని బోధిస్తే, 13:5 మన ప్రజలకు సులువుగా అర్థమవుతుంది.

స్వభావంగా మారిన కోపానికి కూడా మనకు మంచి మాటలున్నాయి. తీతుకు 1:7లో అధ్యక్షునికి ఉండకూడని లక్షణాల్లో ‘ఓర్గిలోస్’ ఒకటి. తెలుగు బైబిలు దానిని ‘ముక్కోపి’ అన్నది. సామెతలు 14:29లో ‘ముంగోపి’ అనే మాట ఉన్నది. కోపం ముందుగా వచ్చేవాడని దాని భావం. ‘ముక్కు మీద కోపం’ అనే మన వాడుకకు హెబ్రీ భాషలో ఒక ఆశ్చర్యకరమైన తోడు ఉన్నది. హెబ్రీలో ‘అఫ్’ అంటే ముక్కు, కోపం కూడా. దేవుని దీర్ఘశాంతాన్ని చెప్పే ‘ఎరెక్ అప్పయిమ్’ (నిర్గమ 34:6) అక్షరార్థానికి ముక్కు పొడవుగలవాడని. త్వరగా కోపపడేవాడు (సామెతలు 14:17) ముక్కు పొట్టివాడు. ఈ సంగతి తెలుగు విద్యార్థికి ఒక్కసారి చెబితే మరచిపోడు. దీనికి ఇంగ్లీషు విశేషణం మధ్యవర్తిగా అవసరం లేదు.

కనుక 1 కొరింథీ 13:5కు నేను సూచించే భావం ‘ప్రేమ రేగిపోదు’ అని. వివరణలో ‘చిరాకును కసురుగా మారనివ్వదు’ అని చెప్పవచ్చు. ‘ముక్కోపి’ని తీతు పత్రికకే ఉంచుదాం.

5. డ్రమ్మండ్ బోధలో బలమూ లోటూ

ఈ అధ్యాయం మీద మన సేవకులు ఎక్కువగా ఎరిగిన చిన్న పుస్తకం స్కాట్లాండుకు చెందిన హెన్రీ డ్రమ్మండ్ (1851-1897) రాసిన ‘ది గ్రేటెస్ట్ థింగ్ ఇన్ ద వరల్డ్’. ఆయన ప్రేమను తొమ్మిది గుణాలుగా విడదీసి, ఈ క్రియ దగ్గర ‘మంచి స్వభావం’ అనే శీర్షిక పెట్టాడు. చెడు కోపాన్ని చిన్న బలహీనతగా కొట్టిపారేయకూడదనీ, మిగతా విషయాల్లో మంచివారైనవారిలోనే అది తరచుగా దాగి ఉంటుందనీ ఆయన వాదం. తప్పిపోయిన కుమారుని అన్నను (లూకా 15:28) ఉదాహరణగా తీసుకొని, ఆ అన్న ముఖంతో వాకిట నిలబడి ఎందరిని రాజ్యానికి దూరం చేస్తున్నామో అడుగుతాడు. ఆ భాగం చదివిన సేవకుడెవడూ తన ఇంటివారి ముఖం చూడకుండా ఉండలేడు. ఇది ఆయన బలం.

ఈ కోపాన్ని ఆయన విడిచి విడిచి వచ్చే జ్వరంతో పోలుస్తాడు. లోపల విడవని రోగముందని ఆ జ్వరం చెబుతుందంటాడు. ఈ పోలిక మనకు బాగా తెలుసు. ఆదిలాబాదు అడవి ప్రాంతాల్లో రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం చూడనివారు లేరు. జ్వరపు ఒక్కొక్క దాడికి వైద్యులు వాడే ‘పారాక్సిజం’ అనే మాట పౌలు వాడిన మాటకు పుట్టిన బిడ్డే. పోలిక సరైనదే, కాని పూర్తి కాలేదు. చలిజ్వరం రోగి రక్తంలో ఉన్నది నిజమే. దానిని తెచ్చినది దోమ. దోమ పుట్టినది పక్కవాని నీటిగుంటలో కావచ్చు. డ్రమ్మండ్ రోగి ఆత్మను పరీక్షించాడు, గుంటవైపు చూడలేదు. ఆయన బోధనే తెలుగులో చెప్పిన నేను కూడా చూడలేదు.

దేవుడు చూచాడు. ఏలీయా బదరీ వృక్షం క్రింద కూలబడి చావు కోరుకున్నప్పుడు (1 రాజులు 19:4-8) దేవుడు అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, నీళ్ళు ఇప్పించాడు, మరల నిద్రపోనిచ్చాడు, మరల తినిపించాడు. “ఇక్కడ నీకేమి పని” అనే ప్రశ్న వచ్చింది అంతా అయిన తరువాతనే. సొరచెట్టు ఎండిపోయినందుకు కోపపడిన యోనాతో దేవుడు వేరుగా మాట్లాడాడు. అక్కడ ప్రశ్న ముందే వచ్చింది (యోనా 4:4, 9). యోనా హృదయం ఇరుకైనది, ఏలీయా శరీరం అలసినది. రెండింటికీ ఒకే ప్రసంగం సరిపోదు.

6. రేపేవారి మాటేమిటి?

పౌలు కొలొస్సయులకు రాస్తూ తండ్రులకు ఒక ఆజ్ఞ ఇచ్చాడు (3:21). అక్కడి క్రియ ‘ఎరెథిజో’. ‘ఇరిటేట్’ అనే ఇంగ్లీషు క్రియకు కొత్త నిబంధనలో అతి సమీపమైనది ఇదే. తెలుగు బైబిలు ‘కోపము పుట్టింపకుడి’ అన్నది. పిల్లలకు కలిగే నష్టం కోపంతో ఆగదు, మనస్సు క్రుంగుతుందని పౌలు భయం. అంటే కసిరే పిల్లవాని మీద ఫిర్యాదు వచ్చినప్పుడు, లేఖనం ముందుగా తండ్రిని పిలిచి అడుగుతున్నది.

నేను ఆ సహోదరి ఇంటికి ఒక రోజు మధ్యాహ్నం వెళ్ళాను. రేకుల కప్పు, వేసవి. ఆమె భర్త రాత్రంతా గనిలో పనిచేసి వచ్చి, ఒక తడి తువ్వాలు మీద వేసుకొని పడుకొని ఉన్నాడు. పిల్లలను వాకిట్లోనే ఆపి ఆమె సైగలతో మాట్లాడుతున్నది. అంతలో రెండు ఇళ్ళ అవతలనుండి మైకులో పాట మొదలైంది. ఆయన కళ్ళు తెరిచి, నన్ను చూచి, ఏమీ అనకుండా గోడవైపు తిరిగాడు. అది మా సంఘం మధ్యాహ్న కూడిక. ఆ సమయం నిర్ణయించినది నేను, మైకు పెట్టించినది నేను. వారం వారం ఆయన నిద్ర చెడగొట్టి, ఆదివారం నాడు ఆయనలో ప్రేమ లేదని ప్రసంగించినదీ నేనే.

ఆ తరువాతి వారం నుండి మైకు తీసివేశాం. కూడికను సాయంత్రానికి మార్చాం. దానితో ఆ ఇల్లు పరలోకం కాలేదు. ఆయన కసురుకోవడం తగ్గిందని మాత్రం ఆమె చెప్పింది. మిగిలినదాని గురించి ఆయనతో కూర్చొని మాట్లాడే హక్కు నాకు అప్పుడే వచ్చిందని నేననుకుంటాను. చిరాకు ఆయనకు వచ్చింది, దానిలో మా పాలు ఉన్నది. భార్యను కసురుకున్నది మాత్రం ఆయనే. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన కాదనలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అలసటను గుర్తించడం వేరు, హింసను కప్పిపుచ్చడం వేరు. భర్త కొడుతున్నప్పుడు, భార్య భయంతో బ్రతుకుతున్నప్పుడు, అది చిరాకు కాదు. అక్కడ ‘డ్యూటీ వల్ల’ అని సర్దిచెప్పే కాపరి దోషంలో పాలివాడవుతాడు. తీతు 1:7 ముక్కోపి తరువాత, ఒక మాట దాటి, కొట్టువానిని కూడా పేర్కొన్నది.

7. కాపరి చిరాకు

చివరిగా మన సంగతి. మెరీబా దగ్గర మోషే బండను కొట్టిన సందర్భం (సంఖ్యా 20:1-13) మిర్యాము మరణంతో మొదలవుతుంది. అక్కను పాతిపెట్టిన చోటనే నీళ్ళు లేవు, జనులు వాదానికి వచ్చారు. మోషే రేగాడు. కీర్తన 106:32-33 ఈ సంగతిని తీర్పు తీర్చినప్పుడు రెండు పక్షాలనూ చూపుతుంది. జనుల మూలంగా మోషేకు బాధ కలిగిందని ఒప్పుకుంటుంది. అతడు తొందరపడి మాట్లాడాడని కూడా చెబుతుంది. రేపినవారు నిర్దోషులు కాలేదు, రేగినవాడు తప్పించుకోలేదు. కనానులో ప్రవేశించలేదు.

మనం ప్రజలముందు చిరునవ్వుతో ఉండి, ఇంటికి వెళ్ళి అమ్మగారి మీద కసురుకొనే వృత్తిలో ఉన్నాం. ‘నా స్వభావమే అంత’ అంటాం. అది విశేషణం వెనుక దాక్కోవడం. విశేషణం మారదు గనుక మనమూ మారనవసరం లేదని ధైర్యం. పౌలు క్రియను వాడాడు. క్రియను ఈ సాయంత్రమే వేరుగా చేయవచ్చు.

ముగింపు

‘ఇరిటబుల్’ అనే విశేషణం కోపానికంటే చిన్నదైన ఒక రోజువారీ పాపాన్ని మనకు గుర్తుచేసింది. అది దాని మేలు. కాని రేపేవానిని దాచింది, శరీరాన్ని దోషిగా నిలబెట్టింది, మారగలిగిన పనిని మారని గుణంగా చూపింది. కనుక ఈ వచనం ప్రసంగించేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా మనవి. ఈ మనిషి నిద్రపోయాడా, తిన్నాడా, రోగియా? అతనిని పొడుస్తున్నది ఎవరు, అందులో సంఘం పాలు ఎంత? వాకిటికి వచ్చినదాన్ని లోపలికి రానిచ్చినది ఎక్కడ? మొదటి రెండు ప్రశ్నలు అడగకుండా మూడవది అడిగే కాపరి మాట వినబడదు. మూడవది అడగని కాపరి సువార్త చెప్పలేదు. మొదటి మాట ఆ సహోదరి నాకు నేర్పింది. రెండవది నేర్చుకోవడం నాకింకా అవసరమే. దీర్ఘశాంతుడైన దేవుడు మనకు అట్టి వివేకాన్ని దయచేయును గాక.